ప్రేమ ఉంది, నేర్పేవారే లేరు

పొద్దు వాలితే చాలు, అత్తగారు చీర కుచ్చిళ్లు సర్దుకుని గుమ్మంలో నిలబడుతుంది. "మా ఇంటికి పోతా, అమ్మ ఎదురుచూస్తుంటుంది" అంటుంది. ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఇల్లే అది. "ఇదే మీ ఇల్లు అత్తయ్యా, మీ అమ్మగారు ఎప్పుడో పోయారు కదా" అని కోడలు నచ్చజెప్పబోతుంది. వినగానే పెద్దావిడకు తల్లి అప్పుడే పోయినంత దుఃఖం. ఏడుపు, పెనుగులాట, అర్ధరాత్రి దాకా జాగారం. డిమెన్షియా ఉన్న చాలా ఇళ్లలో సాయంత్రాలు ఇలాగే గడుస్తాయి. కోడలికి ప్రేమ లేక కాదు. అలాంటప్పుడు ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చెబితే వచ్చే విద్యే ఇది. కాదని వాదించకుండా "మీ అమ్మ ఏం వండేది అత్తయ్యా?" అని అడగాలి. చేయి పట్టుకుని పెరట్లో రెండు చుట్లు తిప్పాలి. మసక వెలుతురులో నీడలు భయపెడతాయి కాబట్టి చీకటి పడకముందే లైట్లు వేసేయాలి. స్నానానికి మొండికేస్తే నెత్తిన నీళ్లు గుమ్మరించకూడదు. భుజాల మీద తువ్వాలు కప్పి, గోరువెచ్చని నీళ్లు ముందు పాదాల మీద పోసి, ఆ చెంబు ఆమె చేతికే ఇవ్వాలి. రెండు మూడు రోజుల్లోనే మనిషి ఒక్కసారిగా మారిపోతే, జబ్బు ముదిరిందని ఊరుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, కొత్త మందో కారణం కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. మగవారికన్నా ఆడవారిలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ. వీరిలో చాలామందికి ఇల్లే ఆసుపత్రి, ఇంటి ఆడవాళ్లే నర్సులు.

ఆ నర్సుకు సెలవుండదు. పైగా చుట్టపుచూపుగా అరగంట కూర్చుని వెళ్లే బంధువుల ముందు పెద్దాయన చక్కగా మాట్లాడతాడు. "బాగానే ఉన్నాడుగా, నువ్వే కంగారు పడుతున్నావు" అనేసి వాళ్లు వెళ్లిపోతారు. రాత్రంతా తలుపు దగ్గర కాపలా కాసిన మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో ఊహించండి. విసుగొచ్చి ఒకసారి కసురుకుని, ఆ తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఏడ్చే భార్యలు, కూతుళ్లు ఉన్నారు. ఆ కోపం పాపం కాదు, నిద్రలేమి. ఈ ముక్క వాళ్లకు ఎవరైనా గట్టిగా చెప్పాలి.

చూసుకునేవారికి ఇలా నేర్పే పనిని గోవాలో చేసి చూపించారు. స్థానిక భాష తెలిసిన, ఓ మోస్తరు చదువుకున్నవారికి వారంపాటు శిక్షణ ఇచ్చి డిమెన్షియా ఉన్న ఇళ్లకు పంపారు. ఆరు నెలలపాటు కనీసం పక్షానికోసారి వెళ్లి జబ్బు గురించి వివరించారు, మెలకువలు నేర్పారు, చూసుకునేవారి గోడు విన్నారు. వెనక ఒక మానసిక వైద్యుడు అండగా ఉన్నాడు. 81 కుటుంబాలతో జరిపిన ఆ పరిశోధన ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. చూసుకునేవారి మానసిక ఆరోగ్యం మెరుగుపడింది, రోగి ప్రవర్తన వల్ల పడే వేదన తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చూసుకునేవారికోసమే రూపొందించిన 'ఐసపోర్ట్' శిక్షణలో అయిదు భాగాలుంటే, వాటిలో ఒకటి అచ్చంగా చూసుకునే మనిషి తన్ను తాను కాపాడుకోవడం గురించే.

మన ఆశా కార్యకర్తలు ఎలాగూ గడప గడపకూ తిరుగుతున్నారు. వాళ్లకు ఈ శిక్షణ, దానికి తగ్గ పారితోషికం ఇస్తే తెలుగు పల్లెల్లో ఇది సాధ్యం కాదా? అదనపు పని మాత్రం నెత్తిన పెట్టి వదిలేస్తే మరో రిజిస్టరుగా మిగులుతుంది. ఈలోగా మనసు బరువెక్కినవారు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పెద్దల సహాయవాణి 14567 ఉంది.

ఇంట్లోవాళ్లు చేయాల్సినదానికి మాత్రం ప్రభుత్వం కోసం ఆగక్కర్లేదు. అమెరికా నుంచి నెలనెలా డబ్బు పంపే కొడుకు సెలవుల్లో వచ్చినప్పుడు పది రాత్రులు తానే నాన్న గదిలో పడుకోవాలి. రోజూ ఆయన్ను చూసుకునే వదినను నిశ్చింతగా పుట్టింటికి పంపాలి. ఊళ్లోనే ఉన్న తమ్ముడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం తనదని ఒప్పుకోవాలి. "ఏదైనా అవసరమైతే చెప్పు" అంటే ఆమె ఎప్పటికీ చెప్పదు. ఏ రోజు వస్తారో, ఎన్ని గంటలకు వస్తారో మీరే చెప్పండి.