మంచుదుప్పటి కింద పాములు

కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో, విన్నిపెగ్ నగరానికి ఉత్తరంగా వందకు పైగా కిలోమీటర్ల దూరంలో నార్సిస్ అనే చిన్న ఊరుంది. జనవరిలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకి దిగువన 30 డిగ్రీల దాకా, ఒక్కొక్కసారి ఇంకా కిందికి కూడా పడిపోతుంది. అటువంటి చోట పాములు బతుకుతాయంటే నమ్ముతారా? ఒకటీ రెండూ కాదు, వేలకు వేలు! మూరా మూరన్నర పొడవుండే చారల పాములవి. గార్టర్ పాములంటారు. మనుషులకు వాటివల్ల ప్రమాదం లేదు.

పాము శీతరక్త జంతువని మీరు చదివే ఉంటారు. ఆ మాట నాకంతగా నచ్చదు. ఎండలో పడుకున్న పాము రక్తం చల్లగా ఏమీ ఉండదు. అయితే మనలాగా తిన్న తిండితో ఒంటిని ఎల్లవేళలా వెచ్చగా ఉంచుకునే ఏర్పాటు దానికి లేదు. బయట ఎంత చలో, ఒంట్లోనూ దాదాపు అంతే. ఒంట్లో కొంత నీరు గడ్డకట్టినా గార్టర్ పాము కొద్ది గంటలు తట్టుకుంటుంది. రోజుల తరబడి అయితే చావు తప్పదు.

కనుక అది చలితో పోరాడదు, తప్పించుకుంటుంది. నేల పైపొర గడ్డకట్టినా, తగినంత లోతున గడ్డకట్టదు. కాని పాముకు తవ్వడానికి కాళ్లు లేవు గదా! నార్సిస్ దగ్గర నేల కింద సున్నపురాయి ఉంది. నీరు ఆ రాతిని కరిగించి గుంటలూ నెర్రెలూ చేసింది. వేసవి గడవగానే పాములు కిలోమీటర్ల దూరం పాకివచ్చి, ఖాళీ కడుపుతో ఆ నెర్రెల్లోకి దిగుతాయి. తిని దిగితే, ఆ చలిలో అరగని కప్ప కడుపులోనే కుళ్లిపోతుంది! లోపల గుండె మెల్లగా కొట్టుకుంటుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వే వసంతం దాకా ఆధారం.

వేల పాములు ఒకచోట చేరేది వెచ్చదనం కోసమా అని పిల్లలు అడుగుతుంటారు. వేడి పుట్టించలేనివి వెయ్యి కలిసినా పొయ్యి కాలేవు. గడ్డకట్టని లోతుకు దారితీసే నెర్రెలు కొన్నే ఉండటం ముఖ్య కారణం.

ఆ లోతును కాపాడేది, విచిత్రంగా, మంచే! పింజల్లా కురిసిన మంచులో గాలి నిండి ఉంటుంది. బొంతలో దూదిలాగా అది నేలలోని వేడిని పోనీయదు. 1999 శీతాకాలంలో చలి తీవ్రమై, నేలను కప్పేంత మంచు పడలేదు. చలి నెర్రెల లోపలికి దిగింది. పదుల వేల పాములు అక్కడే చచ్చిపోయాయి.

బతికినవాటికి మరో గండం 17వ నంబరు రహదారి. నెర్రెలకు పోతూ వస్తూ ఏటా వేల పాములు బండ్ల కింద నలిగేవి. ఇప్పుడు రోడ్డు పక్కన కంచెలు కట్టి, కింద సన్నని సొరంగాలు వేశారు. కంచె వెంబడి పాకుతూ పాములు సొరంగంలో దూరి అవతలికి పోతున్నాయి.