తల్లి లాలన.. తీరే ఆందోళన

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని సామెత. పుట్టుక కంటే పెంపకానిదే పైచేయి కావచ్చని ప్రయోగశాలలోని ఎలుకలు చాటాయి. కెనడాలోని మాంట్రియల్‌లో గల మెక్‌గిల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మైకేల్ మీనీ బృందం ఈ పరిశోధనలు చేపట్టింది.

తల్లి ఎలుకలన్నీ పిల్లలను ఒకే తీరున సాకవు. కొన్ని తరచూ నాకుతూ, ఒళ్లు శుభ్రం చేస్తూ లాలిస్తాయి. మరికొన్ని అంతగా పట్టించుకోవు. తొలి వారంలోని ఈ తేడా పిల్లలను పెద్దయ్యాకా వెంటాడుతుంది. లాలనకు నోచుకున్నవాటిని కదలనీయకుండా బంధించినా, ఒత్తిడి హార్మోను కార్టికోస్టెరాన్ మిగతావాటి కంటే తక్కువగానే పెరిగినట్లు 1997లో తేలింది. ఆ హార్మోనును గుర్తించే గ్రాహకాలు వాటి మెదడులోని హిప్పోక్యాంపస్‌లో అధికంగా ఉన్నాయి. అందువల్ల 'ఇక చాలు' అన్న సంకేతం త్వరగా అంది హార్మోను ఉత్పత్తి తగ్గుతుంది.

ఇది వంశపారంపర్యమా అన్నది తేల్చేందుకు తల్లుల మధ్య పిల్లలను మార్చి చూశారు. పట్టించుకోని తల్లికి పుట్టినా, లాలించే తల్లి వద్ద పెరిగినవి పెంచిన తల్లి తీరునే పుణికిపుచ్చుకున్నాయి. వాటిలోని ఆడ ఎలుకలు తమ పిల్లలనూ అలాగే లాలించాయి. ఈ ఫలితాలు 1999లో వెలువడ్డాయి.

లాలన కొరవడిన పిల్లల్లో గ్రాహకాల జన్యువుపై మిథైల్ గుర్తులు ఎక్కువగా చేరి, దాని పనిని అణచివేస్తున్నట్లు 2004లో వెల్లడైంది. జన్యువు మారకుండానే దానికి తాళం పడినట్లయింది. పెద్దయ్యాక మెదడులోకి ఒక రసాయనాన్ని ఎక్కించగా ఆ తాళం వీడింది.

ఎలుకల ఫలితాలను యథాతథంగా మనుషులకు అన్వయించలేం. అయితే పసితనపు ముద్ర గాఢమైనదే గానీ, చెరగనిది కాదన్నది ఈ పరిశోధనల సారాంశం.