గేటు దగ్గర బెంగ

జూన్ రెండో వారం, పొద్దున తొమ్మిది కావస్తోంది. ఎర్రగడ్డ రైతుబజారు వెనక సందుల్లోకి తిరిగితే, ఏ ఇంటిని ప్లేస్కూలుగా మార్చారో బోర్డు చూడకుండానే చెప్పొచ్చు. ఏడుపు వినిపిస్తుంది. ఒకడు ఆపబోతుంటే ఇంకొకడు అందుకుంటాడు. గేటు మీద ఛోటా భీమ్ మాత్రం నవ్వుతూనే ఉంటాడు.

రెండేళ్ల కిందట అలాంటి గేటు దగ్గరే నేనూ నిలబడ్డాను, మూడేళ్ల మనవరాలి చెయ్యి పట్టుకుని. పట్టుకుంది నేను కాదు లెండి, తనే. నా చూపుడువేలి కొస తెల్లబడిపోయింది. ఆయమ్మ పాపను బొమ్మల వైపు తిప్పి, గొంతు తగ్గించి నాతో అంది: "పాప సూడకముందే పొండి సార్. రెండ్రోజులు ఏడ్సి ఊకుంటది." నేను చెప్పుల చప్పుడు కాకుండా జారుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి పాప నన్ను కళ్ల ముందునుంచి కదలనివ్వలేదు. స్నానానికి వెళ్తే తలుపు బయట చతికిలబడి, నిమిషానికోసారి తట్టి "తాతా, ఉన్నావా?" అని అడిగేది. నీళ్ల చప్పుడు ఆగితే ఇంకా గట్టిగా తట్టేది. గేటు దగ్గర నేను చేసిన పనేమిటో ఒంటికి సబ్బు రుద్దుకుంటూ ఉండగా అర్థమైంది.

పుస్తకాల్లో దీనికి ‘ఎడబాటు ఆందోళన’ అనే పేరుంది. మనకు అంతకన్నా పాత మాటలున్నాయి. బెంగ అంటాం, తెలంగాణలో రంది అంటాం. బెంగ పెట్టుకున్న పిల్ల అన్నం తినదని, ఒళ్లు వెచ్చబడుతుందని మన అమ్మమ్మలకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అయిదారు నెలల పిల్ల ఎవరెత్తుకున్నా చంకెక్కుతుంది. ఎనిమిది నెలలు వచ్చేసరికి అదే పిల్ల అమ్మ వంటింట్లోకి వెళ్లినా గుక్కపెడుతుంది. చెడు అలవాటైందనుకుంటాం. నిజానికి బుర్ర పెరిగింది. కంటికి కనిపించని వస్తువు కూడా ఎక్కడో ఉంటుందన్న ఎరుక ఆ వయసులో మొదలవుతుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే గమనించాడు. అమ్మ ఎక్కడో ఉంది, ఇక్కడ లేదు. ఈ రెండూ ఒకేసారి తెలిస్తేనే ఏడుపు వస్తుంది. అమెరికాలో జెరోమ్ కాగన్ బృందం కలహారి ఎడారి పిల్లల్నీ, గ్వాటెమాలా పిల్లల్నీ, ఇజ్రాయెల్ కిబ్బుట్జ్ పిల్లల్నీ పోల్చి చూస్తే, పెంపకాలు ఎంత వేరైనా ఈ ఏడుపు దాదాపు ఒకే వయసులో, ఏడాది దాటిన కొన్నాళ్లకు, పతాకస్థాయికి చేరి తర్వాత తగ్గింది. అంటే ఎవరి గారాబమూ దీనికి కారణం కాదు.

మరి మూడేళ్ల పిల్ల ఎందుకు ఏడుస్తుంది? అమ్మ ఉందని తెలుసు, వస్తుందనీ చెప్పారు. కానీ ఎప్పుడు? మా పాప "రేపు ఐస్‌క్రీమ్ తిన్నాం కదా తాతా" అనే రోజులవి. నిన్నకూ రేపుకూ తేడా తెలియని మనిషికి పన్నెండున్నరకు వస్తానంటే ఏం బోధపడుతుంది? "పాటలయ్యాక, డబ్బాలో పెరుగన్నం తిన్నాక, చేతులు కడుక్కునేసరికి వచ్చేస్తా" అంటే దారి కనిపిస్తుంది. చెప్పినట్టే రావాలి, అది వేరే సంగతి. ఎర్రగడ్డ మెట్రో కింద ట్రాఫిక్ ఆ సమయానికి మన మాట నిలబెట్టనివ్వదు. నేను పావుగంట ముందే వెళ్లి గేటు బయట కూర్చునేవాణ్ణి.

జారుకోవడం వల్ల నష్టం ఇక్కడే. చెప్పి వెళ్తే పాప ఏడుస్తుంది, నిజమే. చెప్పకుండా వెళ్తే ఆ ఏడుపు మనకు వినబడదు, అంతే తేడా. పైగా పాప ఒక పాఠం నేర్చుకుంటుంది: బొమ్మ వైపు తిరిగితే తాత మాయమవుతాడు. ఇక ఏ బొమ్మ వైపూ తిరగదు.

మనవళ్లను గమనించడంలో నాకన్నా చాలా ముందున్న తాత సిగ్మండ్ ఫ్రాయిడ్. ఆయన సిద్ధాంతాలు సగం నా తలకెక్కవు గానీ, 1920లో అచ్చయిన పుస్తకంలో రాసిన ఒక ముచ్చట మాత్రం మరిచిపోలేను. ఏడాదిన్నర మనవడు దారం కట్టిన చెక్క రీలును మంచం అవతలికి విసిరి "పోయింది" అన్నట్టు ఏదో అనేవాడట. దారం లాగి, రీలు కనబడగానే "ఇదిగో" అని సంబరపడేవాడట. అమ్మ వెళ్లడం వాడి చేతిలో లేదు. రీలు వెళ్లడం, రావడం వాడి చేతిలోనే ఉంది. మనం దోబూచి ఆడించేటప్పుడు జరిగేదీ ఇదే. నేను పాపతో ‘ఆఫీసు ఆట’ ఆడాను: తను సంచీ తగిలించుకుని టాటా చెప్పి వెళ్లిపోవాలి, నేను ఏడవాలి, తను తిరిగి రావాలి. నన్ను ఎంతసేపు ఏడిపించిందో చెప్పలేను.

ఏడుపు ఆగితే బెంగ పోయినట్టేనా? 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ లండన్‌లో ఒక డాక్యుమెంటరీ తీశాడు. చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న లారా అనే రెండేళ్ల పాప కథ అది. తల్లిదండ్రులు రోగి పక్కన ఉండటానికి అప్పట్లో అక్కడ ఒప్పుకునేవారు కాదు. పాప పెద్దగా గొడవ చేయదు, ఏడుపును లోపలే అణచుకుంటుంది. చూసేవాళ్లకు గుండె తరుక్కుపోయేది అందుకే. అతనితో కలిసి పనిచేసిన జాన్ బౌల్బీ అనుబంధాల మీద ఒక శాస్త్రాన్నే నిర్మించాడు. పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని 1959లో బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ సిఫారసు చేసింది. ఎనిమిది రోజుల ఆసుపత్రికీ మూడు గంటల బడికీ పోలిక లేదనుకోండి. కానీ "మీ వాడు బుద్ధిగా కూర్చుంటున్నాడండీ" అని టీచరు అంటే, ఆడుతున్నాడా అని కూడా అడగాలి.

జర్మనీలో లీజెలోట్టె ఆనెర్ట్ బృందం 2004లో ప్రచురించిన పరిశోధన ఇంకా లోపలికి చూసింది. శిశు సంరక్షణ కేంద్రంలో కొత్తగా చేరిన పదిహేను నెలల పిల్లలు 70 మంది లాలాజలంలో, ఒత్తిడి సమయంలో పెరిగే కార్టిసాల్ హార్మోన్‌ను కొలిచారు. తల్లి పక్కనే ఉన్న రోజుల్లో, ఆమెతో గట్టి అనుబంధం ఉన్న పిల్లల్లో అది తక్కువగా ఉంది. తల్లి వెళ్లిపోయిన మొదటి రోజుల్లో మాత్రం అందరిలోనూ 75 నుంచి 100 శాతం దాకా పెరిగింది. అయిదు నెలల తర్వాత తగ్గింది గానీ, ఇంటి దగ్గరి స్థాయికి ఇంకా రాలేదు. ఎక్కువ రోజులు వెంట ఉండి అలవాటు చేసిన తల్లులతో పిల్లల అనుబంధం చెక్కుచెదరలేదు. బెర్లిన్ పద్ధతి అని అక్కడ పేరున్న విధానంలో మొదటి మూడు రోజులు అమ్మో నాన్నో గదిలోనే కూర్చుంటారు, నాలుగో రోజు కాసేపు బయటికి వెళ్లి చూస్తారు.

మన ప్లేస్కూళ్లలో చాలావాటికి మొదటి రోజునుంచే గేటు హద్దు. అయితే ఈ పద్ధతి మనకు లేదనుకోకండి. ఇవే బస్తీల్లో అంగన్‌వాడీ చూడండి. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం, ఇంగ్లీషు రైమ్స్ రావని చాలామంది ముఖం చిట్లించే చోటు. తెలంగాణలో గర్భిణులకు పూట భోజనం అక్కడే. పుట్టిన పిల్లను తూకానికి తెచ్చేదీ, బాలామృతం ప్యాకెట్ తీసుకెళ్లేదీ అక్కడికే. మూడేళ్లు నిండి చాప మీద కూర్చునే నాటికి ఆ పిల్లకు ఆ గది, ఆ టీచరమ్మ గొంతు, పప్పు తాలింపు వాసన అన్నీ తెలిసినవే. అమ్మ చంకలో ఉండి మూడేళ్లు అలవాటు పడింది మరి. బెర్లిన్ వాళ్లు మూడు రోజులే ఇస్తున్నారు.

ఇళ్లల్లో మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. "అన్నం తినకపోతే టీచరమ్మకి చెప్తా, అక్కడైతే కొడతారు" అని ఏప్రిల్, మే నెలలంతా బూచిని తయారుచేసి, జూన్‌లో పిల్లను తీసుకెళ్లి ఆ బూచి చేతుల్లోనే పెడతాం.

చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నాలుగు వారాలు దాటినా తగ్గక, నిద్రలో పీడకలలు, పొద్దున్నే కడుపునొప్పి, వాంతులు, ఇంట్లో కూడా ఒక్క క్షణం విడవకపోవడం ఉంటే డాక్టరుకు చూపించాలి. ఇక్కడే ఒక చిక్కుంది. సినిమాల పుణ్యమా అని ‘ఎర్రగడ్డ’ అంటే వెటకారమైపోయింది. మా మెట్రో స్టేషన్‌కు దగ్గర్లోనే ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, పిల్లల సమస్యలూ మనసు డాక్టర్ల పనే. అయినా ఆ గేటు దాటితే ఎవరైనా చూస్తారేమోనని, మూడేళ్ల పిల్ల కడుపునొప్పికి నెలల తరబడి గ్రైప్ వాటర్ పట్టేవాళ్లు నాకు తెలుసు.

మా పాప రెండో వారానికల్లా గేటు దగ్గర ఏడవడం మానేసింది. వాళ్లమ్మ పాత చున్నీ ముక్క ఒకటి సంచీలో మడిచి పెట్టేవాళ్లం. తనకు పెరుగన్నం లెక్క అప్పజెప్పి, "వెళ్తున్నానురా" అని వీపు నిమిరి, వెనక్కి తిరగకుండా వచ్చేసేవాణ్ణి.

ఏడుపు మాత్రం మధ్యాహ్నానికి మారింది. నవ్వుతూ పరిగెత్తుకొచ్చేది, నన్ను చూడగానే పెదవి విరిచేది. లోపల ఎవరో కొట్టారేమోనని మొదట గాభరాపడ్డాను. మూడు గంటలు కొత్తవాళ్ల మధ్య బిగబట్టుకున్నది సొంత మనిషి కనబడగానే జారిపోవడం ఈ వయసులో మామూలేనట. కారణం ఏదైనా దొరికితే చాలు. ఒకరోజు నేనిచ్చిన బిస్కెట్ రెండు ముక్కలై ఉంది. అతికించమని రైతుబజారు దాటేదాకా ఏడ్చింది.