చందా ఆగినా ఫైలు తెరుచుకోవాలి

తెలుగు పుస్తకానికి రెండో ముద్రణ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. మొదటిసారి వెయ్యి కాపీలు వేస్తారు, ఒక్కోసారి ఐదు వందలే. అవి చెల్లడానికి రెండేళ్లు పట్టొచ్చు, ఎనిమిదేళ్లూ పట్టొచ్చు. ఆ తర్వాత ఒకనాడు ప్రచురణకర్త ఫోన్ చేసి, "ఏమ్మా, మన పుస్తకం ఫైలు ఉంది కదా, అచ్చుతప్పులు నాలుగు దిద్ది, ధర మార్చి పంపించు" అంటారు. పేజీలు కట్టేవాళ్లం ఆ ఫోన్ కోసమే ఫైళ్లన్నీ ఏళ్ల తరబడి దాచుకుంటాం. కానీ ఫైలు ఒక్కటే దాస్తే చాలదు. దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ కూడా ఆ రోజుకు నా కంప్యూటర్లో పనిచేస్తూ ఉండాలి. నెలనెలా చందా కట్టే డిజైన్ సాఫ్ట్‌వేర్ నుంచి నేను బయటికి రావడానికి మొదటి కారణం ఇదే. డబ్బు ఆ తర్వాత సంగతి.

నేను విజయవాడలో ఉంటాను. పుస్తకాలకు, చిన్న పత్రికలకు పేజీలు కడతాను, అట్టలు వేస్తాను. పని నేర్చుకున్నది పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ మీద, అను ఫాంట్లతో. నా వయసు డీటీపీవాళ్లలో చాలామంది అలాగే నేర్చుకున్నారు. ఆల్డస్ అనే అమెరికన్ కంపెనీ పేజ్‌మేకర్‌ను 1985లో తెచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 దాని ఆఖరి వెర్షన్. ఆ తర్వాత అంతా అడోబీదే అయిన ఇన్‌డిజైన్ మయం. అయినా ఆ పాత 7 మీదే ఇవాళ్టికీ పెళ్లిపత్రికలు కట్టే సెంటర్లు మన ఊళ్లలో ఉన్నాయి.

అప్పట్లో సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి కొంటే ఆ వెర్షన్ మనదే. 2012లో వచ్చిన అడోబీ క్రియేటివ్ సూట్ 6 దాకా ఈ పద్ధతే నడిచింది. అన్నీ కలిపిన మాస్టర్ కలెక్షన్ ధర 2,599 డాలర్లు. మన సెంటర్లు అంత పెట్టలేక దొంగ కాపీలతోనే బండి లాగించాయి, అందులో దాపరికం ఏమీ లేదు. అదే ఏడాది క్రియేటివ్ క్లౌడ్ పేరుతో నెలకు 49.99 డాలర్ల చందా మొదలైంది. 2013 మే నెలలో, ఇకమీదట కొత్త వెర్షన్లన్నీ చందాదారులకేనని కంపెనీ ప్రకటించింది. లెక్క వేసి చూడండి. ఆ రేటున నాలుగేళ్ల నాలుగు నెలలు కడితే మాస్టర్ కలెక్షన్ ధర పూర్తయిపోతుంది. ఆ మర్నాడు కట్టడం ఆపేస్తే మాత్రం సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. ఉత్తర అమెరికాలో అన్నీ కలిసిన చందా 2025లో నెలకు 69.99 డాలర్లయింది.

చందా వల్ల మేలు జరగలేదని అనను. ఒక్కసారిగా అంత సొమ్ము పెట్టలేని కుర్రాళ్లు మొదటి నెల నుంచే అసలు కాపీతో పని మొదలుపెట్టగలిగారు. కొత్త సౌకర్యాలు ఎప్పటికప్పుడు వచ్చాయి. తెలుగును సరిగ్గా కూర్చే ఏర్పాటు కూడా ఇన్‌డిజైన్‌లో బాగుంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, నాలాంటివాళ్లకు పని నెలనెలా ఒకేలా రాదు. విజయవాడ పుస్తక మహోత్సవం ముందు తీరిక ఉండదు, వేసవిలో కొన్నాళ్లు చేతినిండా ఖాళీ. చందా మాత్రం ఖాళీ నెలకూ అంతే పడుతుంది. మధ్యలో మానేద్దామంటే ఒప్పందం చూసుకోవాలి. నెలవారీగా కట్టించుకుంటూనే ఏడాదికి కట్టిపడేసే పథకాలుంటాయి. ఇలాంటి పథకంలో ముందే మానేసేవారి దగ్గర మిగిలిన సొమ్ములో సగం రుసుముగా తీసుకుంటున్నారని, ఆ సంగతి స్పష్టంగా చెప్పడం లేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నివేదించగా, ఆ దేశ న్యాయశాఖ 2024 జూన్‌లో అడోబీ మీద దావా వేసింది. కంపెనీ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు.

ఇంకో సంగతి చాలామందికి చందా ఆగాక గానీ తెలియదు. చందాతో పాటు వాడుకునే అడోబీ ఫాంట్లు కూడా చందాతోనే పోతాయి. అట్ట మీద శీర్షికకు వాడిన ఇంగ్లిష్ ఫాంటు రెండో ముద్రణ నాటికి కనబడదు.

ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునే సాఫ్ట్‌వేర్లలో ఎక్కువగా వినబడిన పేరు అఫినిటీ. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కు చెందిన సెరిఫ్ అనే సంస్థ దీన్ని తయారుచేసింది. బొమ్మలు గీసే డిజైనర్ 2014లో, ఫొటోలకు పనికొచ్చే ఫొటో 2015లో, పేజీలు కట్టే పబ్లిషర్ 2019లో వచ్చాయి. డిజైనర్ మొదట వచ్చినప్పుడు ధర 49.99 డాలర్లు, అంటే అవతలి కంపెనీకి ఒక్క నెల చందా. 2022 నవంబరులో రెండో వెర్షన్ వచ్చింది. నాలుగు రంగుల అచ్చుకు కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. వేగం చూస్తే ముచ్చటేస్తుంది. అట్టల పని నేను దీనిలోనే చేస్తాను. ఐప్యాడ్ మీద బొమ్మలు వేసే చిత్రకారులకైతే ఒకసారి కొంటే చాలే ప్రోక్రియేట్ ఉంది. మన ప్రింటింగ్ సెంటర్లకు చిరకాల నేస్తం కోరెల్‌డ్రా. దాన్ని చందాకూ ఇస్తున్నారు, ఒకేసారి కొనుక్కోడానికీ ఇస్తున్నారు. కాకపోతే ఖరీదు ఎక్కువ.

అయితే మన భాషలో పని చేసేవాళ్లు ధర కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. 'స్త్రీ' అనే మాటను కంప్యూటర్ యూనికోడ్‌లో ఆరు గుర్తులుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అవి ఆరూ కలిసి, స మీదికి గుడిదీర్ఘం ఎక్కి, త వత్తు, ర వత్తు వాటి చోట్లలోకి సర్దుకుంటేనే మనం చదవగలిగే అక్షరం అవుతుంది. ఈ సర్దుబాటు ఫాంటు ఒక్కటే చేసే పని కాదు. ఫాంటులో ఉన్న సూచనలను చదివి అమలు చేసే యంత్రాంగం సాఫ్ట్‌వేర్ లోపల ఉండాలి. అఫినిటీ మొదటి, రెండో వెర్షన్లలో భారతీయ లిపులకు ఆ యంత్రాంగం లేదు. యూనికోడ్ తెలుగును అందులో పెడితే వత్తులు కిందికి దిగవు, గుర్తులు విడివిడిగా పడతాయి. ఇంగ్లిష్ వీడియోలు చూసి కొన్నవాళ్లకు ఈ సంగతి కొన్నాకే తెలుస్తుంది, ఎందుకంటే ఆ వీడియోలు చేసేవాళ్లకు ఈ అవసరమే రాదు.

విచిత్రంగా పాత అను ఫాంట్లకు ఈ బాధ తక్కువ. వాటిలో తెలుగు ముక్కల వెనక ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల స్థానాలే. సాఫ్ట్‌వేర్ తాను ఇంగ్లిషే కూరుస్తున్నానని అనుకుంటుంది, తెర మీద మనకు తెలుగు కనబడుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాకపోయినా ఆ పేజీలు నడుస్తాయి. కానీ ఆ మేటర్‌ను ఫోన్‌లోకి కాపీ చేస్తే అర్థంలేని ఇంగ్లిష్ ముక్కలు వస్తాయి. అందులో మాట వెతకలేం, ఈ-పుస్తకం చేయలేం, చూపులేనివారికి తెర చదివి వినిపించే సాధనాలు దాన్ని చదవలేవు. పుస్తకం పదేళ్లు బతకాలనుకుంటే యూనికోడ్‌లో కట్టాలన్నది నా పట్టుదల. ప్రచురణకర్తలతో ఈ విషయం మీద వాదన పెట్టుకున్న రోజులున్నాయి, ఇకముందూ పెట్టుకుంటాను.

మరి యూనికోడ్ తెలుగుకు దారి ఏమిటి? డబ్బు కట్టనక్కరలేని సాఫ్ట్‌వేర్లు ఇక్కడ ఆదుకుంటాయి. బొమ్మలు గీయడానికి 2003 నుంచి ఉన్న ఇంక్‌స్కేప్‌లో తెలుగు అక్షరం చక్కగా కూర్చుంటుంది. శీర్షికను అక్కడ రాసి, కోరెల్‌లో కర్వ్స్ చేసినట్టే అక్షరాలను గీతలుగా మార్చి, ఆ బొమ్మను అఫినిటీలోకి తెచ్చుకుంటాను. ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇంక్‌స్కేప్ పనిచేసేది తెర రంగులతో, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలయికతో. అందులోని నలుపును అలాగే ప్రెస్‌కు పంపితే అది నాలుగు ప్లేట్లలోకీ చీలిపోతుంది. ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా సన్నటి వత్తుల చుట్టూ రంగు నీడ పడి అచ్చు మసకబారుతుంది. కాబట్టి అఫినిటీలోకి వచ్చాక అక్షరాల రంగును ఒక్క నలుపు ప్లేటుకే కట్టేసి, అప్పుడు ప్రెస్‌కు పీడీఎఫ్ తీయాలి.

లోపలి పేజీలకు స్క్రైబస్. ఇదీ ఉచితమే. 2024 జనవరిలో వచ్చిన 1.6 వెర్షన్‌తో, తెలుగు లాంటి లిపులను కూర్చే శక్తి మామూలు వాడుకదారుల చేతికి వచ్చింది. నాలుగు రంగుల పీడీఎఫ్ నేరుగా దీని నుంచే తీయొచ్చు. చూడ్డానికి పాతకాలపు సరుకులా ఉంటుంది, పెద్ద పుస్తకాలకు నెమ్మదిస్తుంది. నేను అధ్యాయానికొక ఫైలు పెట్టుకుంటాను. బొమ్మలు లేని నవల, కథల సంపుటి అయితే లిబ్రాఫీస్ రైటర్ కూడా సరిపోతుంది. ఫాంట్లకు మనం ఎవరినీ అడుక్కోనక్కరలేదు. మండలి, రామభద్ర, సురన్న, గిడుగు, ధూర్జటి, పెద్దన లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. ఫైలుతో పాటే ఫాంటునూ ఒకే ఫోల్డరులో దాచుకోవచ్చు.

మా పక్కింటి అమ్మాయి ఆహ్వానపత్రికల పని మొదలుపెడుతూ, "పిన్నీ, ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావు?" అని అడిగింది. "కొనడం తర్వాతమ్మా, ముందు ట్రయల్ తెచ్చుకుని ఈ ముక్కలు టైపు చేసి చూడు" అని ఒక కాగితం ఇచ్చాను. లక్ష్మి, రాష్ట్రం, వాఙ్మయం, సంస్కృతి, ఉజ్జ్వలం, జ్ఞానం, స్త్రీ. తెర మీద బాగుంటే సరిపోదు, పీడీఎఫ్ తీసి కాగితం మీద ప్రింటు చూడాలి. ఆ పీడీఎఫ్‌లోంచి మాటను కాపీ చేసి ఇంకోచోట పెడితే ఏమొస్తుందో కూడా చూడాలి. అందులో నెగ్గిన దాని ధర గురించి అప్పుడు ఆలోచించొచ్చు.

ఒకసారి కొన్నది ఎల్లకాలం ఉంటుందనే భ్రమా పెట్టుకోకూడదు. 2019లో యాపిల్ తన మ్యాక్‌ఓఎస్ కేటలీనా వెర్షన్‌లో పాత 32 బిట్ ప్రోగ్రాములకు చోటు తీసేయడంతో, డబ్బు పోసి కొన్న క్రియేటివ్ సూట్ 6 కూడా కొత్త మ్యాక్‌ల మీద చాలావరకు మూలపడింది. ఇళ్లలో వాడుకునే అడోబీ ఫొటోషాప్ ఎలిమెంట్స్‌ను ఇదివరకు శాశ్వత లైసెన్సుకు అమ్మేవారు. 2025 వెర్షన్ నుంచి మూడేళ్ల గడువు పెట్టారు. అఫినిటీ కథా మారింది. 2024 మార్చిలో కాన్వా సంస్థ సెరిఫ్‌ను కొనేసింది. 2025 అక్టోబరు 30న డిజైనర్, ఫొటో, పబ్లిషర్ మూడింటినీ కలిపి ఒకే అఫినిటీగా ఉచితంగా ఇచ్చింది. దానికి కాన్వా ఖాతా కావాలి, కృత్రిమ మేధ సౌకర్యాలకు మాత్రం కాన్వా చందా కట్టాలి. రెండో వెర్షన్ అమ్మకం ఆగింది గానీ, కొన్నవాళ్లు వాడుకుంటూనే ఉండొచ్చు. ఉచితమంటే సంతోషమే. అయినా నేను డబ్బు కట్టి తెచ్చుకున్న రెండో వెర్షన్‌ను తీసేయలేదు, దాని ఇన్‌స్టాలర్‌ను విడిగా దాచాను. పాత అట్టలన్నీ అందులో ఉన్నాయి మరి.

మారాలనుకునేవాళ్లకు నా గట్టి సలహా ఒకటే: చందా బతికి ఉండగానే ఫైళ్లు బయటికి తీసుకోండి. ఇన్‌డిజైన్ సొంత ఫైలును బయటి సాఫ్ట్‌వేర్లు సరిగా తెరవలేవు. అందుకే ప్రతి పుస్తకాన్నీ ఐడీఎంఎల్ రూపంలో కూడా దాచాలి. దాన్ని అఫినిటీ పబ్లిషర్, స్క్రైబస్ రెండూ తెరుస్తాయి. పేజీలు ఉన్నవున్నట్టు రావు, మార్జిన్లు, వరుసలు మళ్లీ సరిచూసుకోవాలి. తెలుగు కోసమైతే స్క్రైబస్‌లో తెరవడం మేలు. అడోబీ ఇల్లస్ట్రేటర్ ఫైళ్లను దాచేటప్పుడు పీడీఎఫ్‌తో పొసిగేలా అన్న గడి మీద టిక్కు పెట్టాలి, లేకపోతే వేరేచోట తెరిస్తే వాటిలోని బొమ్మ కనబడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆఖరి ప్రూఫు దిద్దుబాట్లు చేరిన మేటర్‌ను విడిగా మామూలు యూనికోడ్ టెక్స్ట్ ఫైలుగా తీసిపెట్టుకోవడం. ఏ సాఫ్ట్‌వేర్ పోయినా అది మిగులుతుంది. పేజీలు మళ్లీ కట్టొచ్చు, ప్రూఫులు మళ్లీ దిద్దించడం రచయితకు నరకం.

దినపత్రికల్లో పనిచేసేవాళ్లను, ఒకే ఫైలు మీద నలుగురైదుగురు చేతులు వేసే సంస్థలను మారమని నేను చెప్పను. రాత్రి పదకొండింటికి పేజీ వదలాల్సినచోట అందరి దగ్గరా ఒకే సాఫ్ట్‌వేర్ ఉండటం అవసరం, ఆ చందా వాళ్లకు గిట్టుబాటే. నా దగ్గరా ఎప్పుడైనా ఒక ప్రచురణ సంస్థ ఇన్‌డిజైన్ ఫైలే కావాలని పట్టుపడుతుంది. అప్పుడు ఏడాది ఒప్పందం లేని ఒక్క నెల చందా కట్టి, పని ముగించి, ఐడీఎంఎల్ తీసుకుని, ఆ నెల ఖర్చును బిల్లులో విడిగా ఒక పద్దుగా రాస్తాను.