వయొలెట్ల మోజులో మరచిన డిసెంబరాలు

ఉప్పల్: చలికాలం మొదలయ్యేసరికి నర్సరీలలో ఊదారంగు పాన్సీ పూల కుండీలు బారులు తీరుతాయి. ఇవి అసలైన వయొలెట్ జాతి మొక్కలు. చల్లని దేశాలకు చెందినవి. ఉప్పల్, నాచారం కాలనీలలో ముచ్చటపడి కొన్నవారికి ఆ ముచ్చట రెండు మూడు నెలలే. ఎండలు ముదిరితే మొక్క వాడి మాడిపోతుంది. ఇందులో పెంచేవారి లోపమేమీ లేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే చోట అది బతికే మొక్క కాదు.

ఇంటి లోపల పెంచే ఆఫ్రికన్ వయొలెట్‌కు పేరులోనే తప్ప వయొలెట్‌తో బంధుత్వం లేదు. టాంజానియా కొండల నీడలో పెరిగే ఆ మొక్కకూ మన వేసవి గండమే.

పెరట్లో ఏటేటా ఊదాపూలు కావాలంటే డిసెంబరాలే దిక్కు. ఆంగ్లంలో దీనిని ఫిలిప్పీన్ వయొలెట్ అంటారు. చిత్రమేమంటే ఇది వయొలెట్టూ కాదు, ఫిలిప్పీన్స్ సొత్తూ కాదు. భారతదేశం దీని పుట్టినిళ్లలో ఒకటి. కనకాంబరం కుటుంబానిదే. 1753లో లిన్నేయస్ దీనికి బార్లేరియా క్రిస్టాటా అని నామకరణం చేశారు. పూలకు వాసన లేకున్నా మరువంతో కలిపి కట్టిన మాలకు వచ్చే అందమే వేరు.

పాత ఇళ్ల ప్రహరీల వెంట కనిపించే ఈ పొదలు, ఆ ఇళ్లు అపార్ట్‌మెంట్లుగా మారినప్పుడు మట్టితోపాటే లారీలకెక్కుతున్నాయి. పొద పోకముందే ఒక కొమ్మ అడిగి తెచ్చుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు. తొలకరిలో మూడు నాలుగు కణుపులున్న జానెడు ముక్కను కోసి, కింది ఆకులు తీసి, ఇసుక కలిపిన ఎర్రమట్టిలో గుచ్చి నీడన ఉంచాలి. నెల రోజులలో వేళ్లు పడతాయి. కొత్త కాలనీలలో ఇంటి చుట్టూ మొరమే ఉంటుంది కనుక అడుగున్నర గొయ్యి తీసి, మంచి మట్టి, మాగిన పశువుల ఎరువు నింపి నాటడం మేలు. జాగా లేనివారికి 12 అంగుళాల కుండీ సరిపోతుంది. పూటంతా ఎండ తగిలితే పూత బాగుంటుంది. నీరు నిలిస్తే మాత్రం వేరు కుళ్లుతుంది. బోరు నీటికి కుండీ అంచున తెల్లని ఉప్పు పేరుకుంటుంటే, మధ్యమధ్య నల్లా నీరో వాననీరో పోయాలి.

అసలు మెలకువ కత్తిరింపులో ఉంది. మొగ్గలు కొమ్మల చివర్ల వస్తాయి. దసరాకు ఇల్లు సర్దుతూ పొదను నున్నగా కత్తిరిస్తే ఆ ఏటి పూత కత్తెర పాలైనట్లే. చాలా ఇళ్లలో మొక్క ఏపుగా ఉన్నా పూయకపోవడానికి ఇదే కారణం. పూత ముగిశాక, ఫిబ్రవరిలో సగానికి కత్తిరించి గుప్పెడు ఎరువు వేయాలి. ఆగస్టు తర్వాత కత్తెర ముట్టరాదు.

లేత కొమ్మలకు పిండినల్లి పడితే లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం చల్లితే అదుపులోకి వస్తుంది. ఎండిన కాయలు చిటిలి గింజలను దూరంగా చిమ్ముతాయి. వానలకు పొద చుట్టూ మొలిచే నారును తీసి ఇరుగుపొరుగు పంచుకోవచ్చు.