జీవమానవశాస్త్రము - మేనరికము

రామచంద్రపురమునకుఁ జేరువనున్న దాక్షారామ భీమేశ్వరాలయమున వందలకొలఁది శాసనములు గలవు. దాతల తల్లిదండ్రుల పేళ్లును, భార్యల పేళ్లును, బిడ్డల పేళ్లును వానియందుఁ గానవచ్చుచున్నవి. ఎవరి కెవరేమగుదురో యా వ్రాఁతలు తెలుపును. ఆ చుట్టఱికమువలన దేహమున నేమి సంక్రమించునో తెలుపుట జీవమానవశాస్త్రముయొక్క పని. దీనికే పూర్వము శారీరకమానవశాస్త్రమని పేరు. పేరుతోడ శాస్త్రమును మాఱినదా యనునది విచార్యము.

తొలిదినములందు దీనికి సాధనము కొలబద్ద. 1885 మొదలు 1908 వఱకు మదరాసు మ్యూజియమునకు అధికారిగా నుండిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణదేశజనుల తలలను, ముక్కులను గొలిచెను. రంగాచారి తోడ్పాటుతో 1909లో నతఁడు ప్రకటించిన యేడు సంపుటములు ఆచారములను దెలిసికొనుటకు నేఁటికిని బనికివచ్చును. ముక్కు వెడల్పునుబట్టి కులతారతమ్యము నిర్ణయింపవచ్చునన్న రిస్లే వాదము మాత్రము నిలువలేదు. పెరిఁగిన పరిసరములనుబట్టి తలయాకృతియే మాఱునని ఫ్రాంజ్ బోయాస్ అమెరికాకు వలసవచ్చినవారి బిడ్డలను గొలిచి 1912 నాటికిఁ జూపెను. కొలతలతోఁ దృప్తినొందక పరిణామహేతువులను వెదకవలెనని వాష్‌బర్న్ 1951లో బోధించెను. నాఁటినుండి కొలబద్ద వెనుకఁబడి, రక్తపరీక్షయు జన్యుపరీక్షయు ముందునకు వచ్చినవి.

మనదేశమున 1920లో కలకత్తా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రశాఖ యేర్పడెను. 1945లో భారత మానవశాస్త్ర సర్వేక్షణసంస్థ వెలసెను. ఆంధ్రవిశ్వకళాపరిషత్తునందు మానవశాస్త్రము, మానవజన్యుశాస్త్రము వేర్వేఱు శాఖలై యున్నవి. ఇట్లు విడివడుటవలన నైపుణ్యము హెచ్చును. కాని యొక చిక్కును గలదు. ఆచారము నెఱిఁగినవాఁడు జన్యువు నెఱుఁగక, జన్యువు నెఱిఁగినవాఁ డాచారము నెఱుఁగక పోవచ్చును. మేనరికమే యిందుకు దృష్టాంతము.

పిఠాపురమున 1937లో జన్మించి, కలకత్తాలో హాల్డేన్‌కు శిష్యుఁడైన ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖానుతోఁ గలసి ఆంధ్రప్రదేశమందలి రక్తసంబంధివివాహములఁ గూర్చి 1963లోఁ బరిశోధనమును బ్రకటించెను. మేనమామ అక్కకూఁతును బెండ్లాడినచో, వారి బిడ్డకు ఒకే పూర్వికుని జన్యువు తల్లిదండ్రు లిరువురివలనను సంక్రమించు సంభావ్యత 1/8. మేనత్త మేనమామల బిడ్డల వివాహమున నది 1/16. ఇందువలన బిడ్డకు రోగము తప్పదని యర్థము కాదు. కుటుంబమున లోపజన్యువున్నచో నది బయలుపడు నవకాశము హెచ్చునని మాత్రమే యర్థము.

దగ్గఱి చుట్టఱికము లేకున్నను, ఒకే వర్గమున తరతరములు పెండ్లిండ్లు జరుగుటవలన నిట్టి ఫలము గలుగవచ్చును. హైదరాబాదు కణ, అణుజీవశాస్త్ర కేంద్రమువారు పాల్గొన్న 2009, 2017 నాఁటి పరిశోధనము లీ విషయమును స్థాపించినవి. శస్త్రచికిత్సవేళ కండరములను సడలించుట కిచ్చు నొక మందు వైశ్యులలోఁ గొందఱియందు మితిమీఱి పనిచేయుట కిట్టి వారసత్వమే కారణము. ముందుగాఁ దెలిసినచో వైద్యుఁడు వేఱొక మందు నిచ్చును. తెలియకున్నచో రోగి ఊపిరికే ముప్పు. కులమును దెలిసికొనుట యిచటఁ బ్రాణరక్షణకు. రిస్లేవలె హెచ్చుతగ్గులు నిర్ణయించుటకుఁ గాదు.

ఇచట భాషయు సాక్ష్యము చెప్పును. తెలుఁగున మేనత్తకూఁతురు వేఱు, పినతండ్రికూఁతురు వేఱు. మొదటి యామె మరఁదలు, రెండవ యామె చెల్లెలు. కాని బావ, మరఁదలు అను మాటలు దూరపుఁజుట్టములకును జెల్లును. రామచంద్రపురమున నొక తల్లి తన భర్తను ‘బావ’ యనినంతమాత్రమున 1/16 అని వ్రాసికొన్న పరిశోధకుఁడు పొరఁబడును. ఆ బావ యే మేనత్తకొడుకో, ఆ మేనత్త యెవరి తోఁబుట్టువో యడిగి వంశవృక్షము వ్రాయవలెను. జన్యుపరీక్ష యెంత సూక్ష్మమైనను ఈ ప్రశ్నకు బదులు గాఁజాలదు. కొలబద్దను విడిచిన శాస్త్రము మాటలాడుటను విడువరాదు. శాఖలు రెండైనను, ఇంటి గుమ్మముకడ నవి మరల నొకటి గావలసియున్నవి.