ఈసుడు రోగం మనిషికి సోకితే ఏ మందుల జోడీ మేలు?

చూడి గేదె ఆరో నెల దాటాక ఈసుకుపోయిందా? ఆ దూడను, మాయను ఒట్టి చేతులతో తీశారా? ఆ తర్వాత రెండు మూడు వారాలకో, నెలకో మీకు జ్వరం మొదలై, చెమటలు పట్టి దిగి, మళ్లీ వస్తుంటే, నడుము, కీళ్లు లాగేస్తుంటే మామూలు జ్వరమని సరిపెట్టుకోవద్దు. అది బ్రూసెల్లోసిస్ కావచ్చు. మలేరియా, టైఫాయిడ్, క్షయ కూడా ఇలాగే కనిపిస్తాయి. అందుకే 'మా గేదె ఈసుకుపోయింది, నేనే తీశాను' అన్న సంగతి డాక్టరుకు మీ అంతట మీరే చెప్పాలి. ఆయన అడగకపోవచ్చు. చెబితే రక్తపరీక్ష రాస్తారు.

ఈ సూక్ష్మజీవి మన శరీర కణాల లోపలే దాక్కుని బతుకుతుంది. ఒక్క మందుతో జ్వరం తగ్గినా చాలామందిలో తిరగబెడుతుంది. కనుక రెండు మందులు కలిపి వాడాలి. పెద్దవాళ్లకు ఒకటి ఎలాగూ డాక్సీసైక్లిన్ మాత్రే. 100 మిల్లీగ్రాములది రోజుకు రెండుసార్లు, నిండు గ్లాసు నీళ్లతో, ఆరు వారాలు. తేడా అంతా రెండో మందులోనే ఉంది.

రెండోది రిఫాంపిసిన్ అయితే సూదుల బెడద లేదు. రోజుకు 600 నుంచి 900 మిల్లీగ్రాములు, పరగడుపున, ఇదీ ఆరు వారాలే. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దు. కళ్లు పచ్చబడితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. గర్భం రాకుండా మాత్రలు వేసుకునే ఆడవాళ్లకు అవి సరిగా పనిచేయవు. పైగా ఈ మందు రక్తంలో డాక్సీసైక్లిన్ మోతాదును కొంత తగ్గిస్తుంది.

రెండోది స్ట్రెప్టోమైసిన్ అయితే రోజుకు ఒక గ్రాము సూది, రెండు మూడు వారాలు. పోల్చి చూసిన పరీక్షల్లో ఈ జోడీ వాడినవారికి రోగం తిరగబెట్టడం తక్కువ. అయితే రోజూ ఆసుపత్రికి తిరగాలి. కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం. చెవులు హోరెత్తినా, తల తిరిగినా, మూత్రం తగ్గినా సూది ఆపి డాక్టరుకు చెప్పాలి. దీని బదులు జెంటామైసిన్ 7 నుంచి 10 రోజులు ఇచ్చే పద్ధతీ ఉంది. తిరుగుడు తగ్గుతుంది.

వీలైతే సూది జోడీయే మేలు. కానీ నాలుగు సూదులు వేయించుకుని మానేసేకంటే మాత్రల జోడీని ఆరు వారాలూ మింగడమే నయం. పది రోజులకే జ్వరం పోయి ఒళ్లు తేలికవుతుంది. చాలామంది అక్కడే మందు ఆపేస్తారు. నెలల తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. రోగం వెన్నుపూసకో, గుండెకో పాకితే మూడు మందులు, కనీసం మూడు నెలలు వాడాల్సి వస్తుంది.

గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ సాధారణంగా ఇవ్వరు, వాళ్ల మందులు వేరు. ఏది ఎవరికన్నది డాక్టరే తేల్చాలి, మందుల షాపులో అడిగి కొనొద్దు.

మిగిలిన మాత్రలు గేదెకు వేద్దామనుకోకండి. పశువులో ఈ రోగాన్ని మందులతో కుదర్చలేం. పెయ్యదూడలకు 4 నుంచి 8 నెలల మధ్య ఒకే ఒక్కసారి టీకా వేయించాలి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం కింద ఇది ఉచితం. ఈసుకుపోయిన దూడను, మాయను చేతికి తొడుగు వేసుకునే తీసి, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. కుక్కల పాలు చేయొద్దు. పాలు పొంగు వచ్చేదాకా కాచాకే పిల్లలకు పోయండి.